పాలసీ ఎక్కడిదాకా వస్తుంది?

1981లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో కర్టిస్ క్యాంప్‌బెల్ అనే ఆయన భార్యను కారులో ఎక్కించుకుని వెళ్తున్నాడు. రెండు వరసల రోడ్డు. ముందు ఆరు వ్యాన్లు బారులు తీరి నడుస్తుంటే ఒక్క ఊపున అన్నిటినీ దాటేద్దామని ఎదురు వరసలోకి వెళ్లాడు. ఎదురుగా చిన్న కారు వచ్చింది. ఢీకొట్టకూడదని ఆ కారును పక్కకు కోసినతను అదుపు తప్పి ఇంకో బండిని గుద్ది చనిపోయాడు. ఆ బండి నడుపుతున్న మనిషి జీవితాంతం వికలాంగుడయ్యాడు. క్యాంప్‌బెల్ దంపతుల ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఆయన పాలసీ ఒక్కో బాధితుడికి 25 వేల డాలర్లు, మొత్తంగా 50 వేలు ఇస్తుంది. అవతలివాళ్లు ఆ 50 వేలిస్తే సరిపెట్టుకుంటామన్నారు. బీమా కంపెనీ స్టేట్ ఫామ్ ససేమిరా అంది. తప్పు మనవాడిదేనని సొంత దర్యాప్తు మనిషి ఒకరు చెప్పినా వినకుండా కేసు నడిపించింది. మీ ఆస్తులకు ఢోకా లేదు, వేరే లాయరును పెట్టుకోనక్కర్లేదని దంపతులకు ధైర్యం చెప్పింది. జ్యూరీ 1,85,849 డాలర్లు కట్టమంది. పాలసీ మీద మిగిలిన 1,35,849తో మాకు సంబంధం లేదని మొదట కంపెనీ చేతులెత్తేసింది. ఇంటి ముందు ‘అమ్మకానికి’ బోర్డు పెట్టుకుంటే పని కదులుతుందని సలహా ఇచ్చింది కూడా కంపెనీ పెట్టిన లాయరే.

తర్వాత జరిగింది చాలా పెద్ద కథ. 1989లో కంపెనీ దిగివచ్చి మొత్తం కట్టింది. అయినా దంపతులు, కంపెనీ తమతో నమ్మకద్రోహంగా వ్యవహరించిందంటూ బ్యాడ్ ఫెయిత్ దావా నడిపారు. అందులో కంపెనీకి పడ్డ 14.5 కోట్ల డాలర్ల దండనను 2003లో అమెరికా సుప్రీంకోర్టు మరీ ఎక్కువని కొట్టేసింది. చివరికి యూటా కోర్టు సుమారు 90 లక్షల దగ్గర ఆపింది. లా కాలేజీల్లో ఈ కేసును దండన పరిహారానికి హద్దు ఎక్కడన్న పాఠంగా చెబుతారు. కారున్న ప్రతివాడికీ అందులో కావలసింది మాత్రం మొదటి భాగమే. ప్రమాదం పెద్దదైనప్పుడు పాలసీ ఎక్కడిదాకా వస్తుంది? అక్కడి నుంచి ఎవరి ఇల్లు, ఎవరి జీతం లెక్కలోకి వస్తాయి?

ఈ ప్రశ్నకు అమెరికా ఇచ్చే జవాబు వేరు, మన దేశం ఇచ్చేది వేరు. అన్న డాలస్‌లో, తమ్ముడు తెనాలిలో ఉన్న కుటుంబాలకు రెండూ తెలియాల్సినవే. క్లుప్తంగా చెప్పాలంటే అక్కడ హద్దు అంకెల్లో ఉంది, ఇక్కడ షరతుల్లో ఉంది. అంకె కనీసం కాగితం మీద కళ్లెదుట కనిపిస్తుంది. షరతు చాలామందికి కోర్టు నోటీసు వచ్చేదాకా కనిపించదు.

ముందు అంకెల సంగతి. అమెరికాలో కారు పాలసీ మొదటి పేజీలో మూడు సంఖ్యలు వరసగా ఉంటాయి. టెక్సస్‌లో చట్టం కోరే కనీసం 30/60/25. గాయపడిన లేదా చనిపోయిన ఒక్కో మనిషికి 30 వేల డాలర్లు, ఆ ప్రమాదంలో ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి 60 వేలు, ఎదుటివాళ్ల బండికో గోడకో జరిగిన నష్టానికి 25 వేలు. నలుగురున్న కుటుంబం కారును గుద్దితే నలుగురూ ఆ 60 వేలనే పంచుకోవాలి. వాళ్లలో ఒకరికి వెన్నెముక విరిగి మిగతావాళ్లు గీతలతో బయటపడ్డా, ఆ ఒక్కరికి 30 దాటదు. అక్కడి ఆసుపత్రి బిల్లులు చూసినవాళ్లకు 30 వేలు ఎన్ని రోజులకు సరిపోతాయో చెప్పనక్కర్లేదు. మూడో అంకె కూడా అంతంతమాత్రమే. ఎదురుగా ఉన్నది కొత్త పికప్ ట్రక్కయితే 25 వేలు దాని ఖరీదుకే చాలవు.

ఈ కనీసాలు ఎంత పాతవంటే, కాలిఫోర్నియా 1967లో పెట్టిన 15/30/5ను 2024 ఆఖరి దాకా కదపలేదు. యాభై ఏడేళ్ల పాటు, ఎదుటి బండిని నుజ్జు చేసినా 5 వేల డాలర్ల పాలసీ ఉంటే చట్టం దృష్టిలో సరిపోయింది. 2025 జనవరి నుంచి 30/60/15 చేశారు. 2035లో 50/100/25 అవుతుంది. నార్త్ కరొలైనా 2025 జులై నుంచి 50/100/50కి వెళ్లింది. న్యూజెర్సీ రెండు మెట్లలో పెంచి 2026కు 35/70/25 చేసింది. క్యాంప్‌బెల్ 1981లో తీసుకున్న 25 వేల అంకే యూటాలో 2024 చివరిదాకా మనిషికి కనీస పరిమితిగా ఉంది. ఈ మధ్యలో డాలరు విలువ మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. ఫ్లోరిడా తీరు ఇంకా వింత. అక్కడ మామూలు కారు యజమాని తన వైద్యానికి 10 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 10 వేలు బీమా చేయిస్తే చాలు. ఎదుటి మనిషికి తగిలే గాయానికి బీమా తప్పనిసరి కాదు. న్యూ హాంప్‌షైర్ అయితే అసలు పాలసీయే తప్పనిసరి చేయలేదు.

పెంచమనడం తేలిక. కనీసం పెరిగితే ప్రీమియం పెరుగుతుంది, ప్రీమియం పెరిగితే చేతిలో డబ్బాడనివాళ్లు పాలసీ మానేస్తారు. ఇప్పటికే ఆ దేశంలో ఏడుగురిలో ఒకరు బీమా లేకుండా నడుపుతున్నారని బీమా రంగ పరిశోధన సంస్థల అంచనా. శాసనసభల్లో ఈ వాదన ప్రతిసారీ వస్తుంది, అందులో కొంత నిజమూ ఉంది. నాకు మింగుడుపడనిది ఇంకోటి. బీదవాడి కోసం తక్కువగా ఉంచిన ఆ కనీసాన్నే నెలకు పది వేల డాలర్లు సంపాదించేవాడు కూడా తీసుకుంటున్నాడు. ఆన్‌లైన్ ఫారంలో అన్నిటికన్నా చవకైన గడి అదే మరి. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు పోల్చేది నెలవారీ ప్రీమియాన్ని. మూడు అంకెలు చదివి పాలసీ తీసుకునేవాళ్లు తక్కువ.

ప్రమాదం జరిగాక కథ ఇలా నడుస్తుంది. మన తరఫున లాయరును పెట్టి వాదించే బాధ్యత బీమా కంపెనీదే. బాధితుడి లాయరు వైద్యం బిల్లులన్నీ జతచేసి, పాలసీ పరిమితి మొత్తం ఇన్ని రోజుల్లో ఇస్తే మీ మనిషిని వదిలేస్తామని ఉత్తరం రాస్తాడు. కంపెనీకి అసలు పరీక్ష ఆ ఉత్తరమే. ఈ పద్ధతికి పునాది వేసిన కేసు టెక్సస్‌ది. 1920లో హ్యూస్టన్‌లో స్టవర్స్ ఫర్నిచర్ కంపెనీ ట్రక్కు రాత్రివేళ లైటు లేకుండా రోడ్డు మీద ఆగి ఉంటే ఒక యువతి ఉన్న కారు వచ్చి గుద్దుకుంది. పాలసీ 5 వేల డాలర్లది. ఆమె 4 వేలకు రాజీకి వచ్చింది. బీమా కంపెనీ 2,500 దాటనంది. కోర్టు తీర్పు 12 వేలు దాటింది, పై సొమ్ము ఫర్నిచర్ కంపెనీ నెత్తిన పడింది. బీమా కంపెనీ మీద వాళ్లు దావా వేస్తే 1929లో ఒక సూత్రం స్థిరపడింది. పరిమితి లోపల న్యాయమైన రాజీ దొరికే అవకాశం ఉండగా, మామూలు వివేకమున్న మనిషి ఒప్పుకునేదాన్ని కంపెనీ అజాగ్రత్తతో కాదంటే, తీర్పు ఎంత వచ్చినా ఆ భారం కంపెనీదే. పరిమితి దాటిన తీర్పు నుంచి పాలసీదారును కాపాడే గట్టి గోడల్లో ఇదొకటి.

దీన్నిబట్టి ఒక మాట గుర్తుంచుకోవాలి. పరిమితి మేరకు రాజీ ప్రతిపాదన వచ్చిందని తెలిస్తే, దాన్ని ఒప్పుకోమని కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. సొంత ఖర్చుతో ఒక లాయరు చేత ఆ ఉత్తరం రాయించినా దండగ కాదు. నోటిమాట ధీమా ఎంతటిదో క్యాంప్‌బెల్ దంపతులకు తెలిసొచ్చింది కదా.

మరి నిజంగా ఇళ్లు పోతాయా? చాలాసార్లు పోవు. బాధితుడి లాయరుకు కావలసింది చేతికందే డబ్బు. పాలసీ మొత్తం తీసుకుని, నాకు ఇంతకు మించి ఆస్తి లేదని ఎదుటివాడి చేత ప్రమాణపత్రం రాయించుకుని కేసు ముగించేవాళ్లే ఎక్కువ. ఏమీ లేనివాడిని ఎవరూ వెంటాడరు. బాగా ఉన్నవాడు పెద్ద పాలసీ తీసుకునే ఉంటాడు. ఇరుక్కునేది మధ్యనున్నవాడు: మంచి జీతం, షేర్లలో కొంత పొదుపు, అద్దెకిచ్చిన రెండో ఇల్లు, చేతిలో కనీస పాలసీ. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో చాలామంది సరిగ్గా ఈ గళ్లోనే కూర్చున్నారు.

ఏది పోతుంది, ఏది పోదనేది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్, ఫ్లోరిడాల్లో ఉంటున్న ఇంటిని, దాని విలువ ఎంతైనా, స్థలం కొలతల హద్దులోపు అప్పులవాళ్లు ముట్టుకోలేరు. టెక్సస్‌లో ఇలాంటి తీర్పులకు జీతం కూడా కోయరు. మిగతా చాలాచోట్ల కేంద్ర చట్టం హద్దు ప్రకారం చేతికొచ్చే జీతంలో పావు వంతు దాకా పట్టుకోవచ్చు. ఉద్యోగం ద్వారా కట్టే 401కె పదవీ విరమణ నిధికి రక్షణ ఉంది. దివాలా తీస్తే మామూలు అజాగ్రత్త తాలూకు బాకీ రద్దు కావచ్చు. తాగి నడిపి మనిషిని చంపినా, గాయపరిచినా వచ్చిన బాకీ మాత్రం దివాలాతో కూడా పోదు. అమెరికా చట్టం ఇంత కరాఖండిగా మాట్లాడే చోట్లు తక్కువ.

దీనికి అక్కడ ఉన్న మందు అంబ్రెల్లా పాలసీ. కారు పాలసీని 250/500 స్థాయికి పెంచుకుంటే, ఆ పైన పది లక్షల డాలర్ల రక్షణ ఏడాదికి కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. దానికన్నా ముందు చూసుకోవలసింది అండర్ ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవర్. నిన్ను గుద్దినవాడి దగ్గర 30 వేల పాలసీయే ఉంటే, ఆ పైన నీ వైద్యానికి నీ పాలసీ నుంచే డబ్బు ఇప్పించే భాగమది. పరిమితి అనే కత్తి రెండు వైపులా కోస్తుంది. తక్కువ పాలసీ పెట్టుకున్నవాడు మనల్ని గుద్దితే నష్టపోయేది మనమే.

విద్యార్థుల ఇళ్లలో రోజూ కనిపించే కొన్ని అలవాట్లున్నాయి. ఒకడి కారును నలుగురు నడుపుతారు. సాధారణంగా ముందు వరసలో నిలబడేది కారు యజమాని పాలసీ, నడిపినవాడిది కాదు. లైసెన్సు లేనివాడికి తెలిసి తాళాలిస్తే ఇచ్చినవాడి మీదా దావా పడుతుంది. అద్దె కారు తీసుకుంటూ, క్రెడిట్ కార్డు ఇన్సూరెన్స్ ఇస్తుందని కౌంటర్‌లో అన్నిటికీ వద్దని టిక్కు పెడతారు. ఆ కార్డు ఇచ్చేది అద్దె కారుకు పడే సొట్టకే. ఎదుటి మనిషికి తగిలే గాయం దాని లెక్కలోకి రాదు. అద్దె కంపెనీ యజమానిగా బాధ్యత వహించనక్కర్లేదని 2005లోనే కేంద్ర చట్టం చేశారు. సొంత కారు లేని, సొంత పాలసీ లేని విద్యార్థి వారాంతం టూర్‌కు అద్దె కారు నడిపితే, వాడి వెనక ఉండేది రాష్ట్రం కోరే ఆ కనీసమే, కొన్నిచోట్ల అదీ అనుమానమే.

ఇక మన దగ్గరికి వద్దాం. మన మోటారు బీమా 1930 నాటి బ్రిటిష్ రోడ్ ట్రాఫిక్ చట్టానికి పిల్ల. 1939 మోటారు వాహనాల చట్టంలో రాశారు, 1946 జులై 1 నుంచి తప్పనిసరి చేశారు. ఆ చట్టంలో లారీల దగ్గర అంకెలుండేవి. మొదట 20 వేలు, తర్వాత 50 వేలు, 1982లో లక్షన్నర. అంతకు మించిన పరిహారం యజమాని కట్టుకోవాలి. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, 1988 నాటిది, మరణానికీ గాయానికీ ఉన్న ఆ అంకెలన్నీ తీసేసింది. కోర్టు ఎంత వేస్తే అంత బీమా కంపెనీ కట్టాల్సిందే.

దీని బలం తెలియాలంటే లెక్క వేయాలి. 32 ఏళ్ల శాశ్వత ఉద్యోగి, నెలకు లక్ష జీతం, భార్య, బిడ్డ, తల్లి. ఏడాదికి 12 లక్షలు. 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, నలభై లోపు శాశ్వత ఉద్యోగికి భవిష్యత్తు పెంపు కింద సగం కలపాలి, 18 లక్షలయింది. ఆధారపడినవాళ్లు ముగ్గురు కాబట్టి అతని సొంత ఖర్చుకు మూడో వంతు తీసేస్తే 12 లక్షలు. 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టికలో ఆ వయసుకు గుణకం 16. మొత్తం కోటీ 92 లక్షలు. ఆదాయపు పన్ను కొంత తగ్గించి, అంత్యక్రియలు వగైరా పద్దులు కలిపి, కేసు వేసిన నాటి నుంచి వడ్డీ వేస్తారు. పక్కింటి కుర్రాడి బైకు తగిలి ఇలాంటి మనిషి పోతే, 150 సీసీ లోపు ఆ బైకు థర్డ్ పార్టీకి 2022 రేట్ల ప్రకారం కట్టిన 714 రూపాయలు ఈ రెండు కోట్లను మోస్తాయి. చిన్న కారుకైతే 2,094. ఇంత చవగ్గా ఇంత రక్షణ అమెరికావాడు కలలో కూడా చూడడు.

పరిహారం ఎంతదాకా పోతుందో చెప్పే కేసు మన దగ్గరే ఉంది. 2009 జూన్‌లో అన్నవరం నుంచి రాజమండ్రి వెళ్తున్న కారును ఏపీఎస్‌ఆర్టీసీ బస్సు ఢీకొని, అమెరికాలో స్థిరపడ్డ ఒక తెలుగు మహిళ చనిపోయారు. ఆమె జీతం డాలర్లలో ఉండటంతో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ 8 కోట్లు దాటి వేసింది, హైకోర్టు తగ్గించింది, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 9.64 కోట్లకు పెంచింది. ఆర్టీసీలకు పాలసీ నుంచి చట్టం మినహాయింపు ఇచ్చింది కాబట్టి సొంత నిధి నుంచి కట్టుకోవాలి. అదే దెబ్బ పాలసీ లేని ప్రైవేటు బండి యజమానికి తగిలి ఉంటే ఏమై ఉండేదో ఊహించండి.

అలా తగిలే దారులు చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా మామూలుది తేదీ. కొత్త కారుకు మూడేళ్లు, కొత్త బైకుకు అయిదేళ్ల థర్డ్ పార్టీ 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి చేశారు. ఆ గడువు అయిపోయిందని గుర్తుండక రోడ్డెక్కినవాళ్లే ఇప్పుడు ఎక్కువ. పాలసీ కాగితంలో తేదీ పక్కన గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి. పొద్దున ప్రమాదం జరిగాక ఏజెంటును పట్టుకుని మధ్యాహ్నం తీసుకున్న పాలసీ, అందులో సమయం రాసి ఉంటే, పొద్దుటి ప్రమాదానికి పనికిరాదు. సుప్రీంకోర్టు 1990ల్లోనే ఈ సంగతి తేల్చేసింది.

రెండోది బండిలో కూర్చున్నవాళ్లు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న కారులో ప్రయాణిస్తున్న చుట్టాలు, బైకు వెనక కూర్చున్న తోడల్లుడు చట్టం లెక్కలో థర్డ్ పార్టీ కిందకు రారని సుప్రీంకోర్టు 2006లో, 2008లో చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే వాళ్లకూ వర్తిస్తుందని 2012లో బాలకృష్ణన్ కేసులో వివరించింది. జనం ఫుల్ ఇన్సూరెన్స్ అని పిలిచే ఆ పాలసీని బంపర్ కోసం తీసుకుంటారు, కారు పాతబడగానే ‘ఇంక దీనికెందుకు’ అని మానేస్తారు. కారు విలువ పడిపోయినంత మాత్రాన వెనక సీట్లో కూర్చునే అమ్మానాన్నల విలువ పడిపోదు కదా. నా లెక్కలో పాత కారుకే ప్యాకేజీ పాలసీ అవసరం ఎక్కువ. కొత్త కారు యజమాని ఎటూ తీసుకుంటాడు.

పల్లెల్లో ఇదే చిక్కు ట్రాక్టరు ట్రాలీ దగ్గర వస్తుంది. మిరప కోతకు, పత్తి తీతకు పొద్దున్నే ట్రాలీ నిండా కూలీలను ఎక్కించుకుపోతారు. సరుకు రవాణా బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి కంపెనీ బాధ్యత లేదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు యజమాని, ఆయన ప్రతినిధి వరకే 1994 సవరణ వర్తిస్తుంది. ట్రాక్టరు పాలసీ వ్యవసాయ పనికి రాసిందైతే, ట్రాలీకి వేరే ప్రీమియం కట్టకపోతే, కంపెనీ లాయరు ట్రిబ్యునల్‌లో మొదట తీసే కాగితం అదే. ట్రాలీ కాలువలోకి బోల్తాపడిన రోజు ఆ రైతు పొలమంతా అమ్మినా ఏడెనిమిది కుటుంబాల పరిహారానికి చాలదు. ఎక్స్‌గ్రేషియా ప్రకటనలు పేపర్లో వస్తాయి కానీ, రెండేళ్ల తర్వాత రైతు మీద వచ్చే డిక్రీ గురించి ఎవరూ రాయరు.

లైసెన్సు గొడవల్లో కోర్టులు బాధితుడి వైపు మొగ్గాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసు ‘ముందు కంపెనీ కట్టాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి’ అన్న పద్ధతిని గట్టిపరిచింది. లైసెన్సు నకిలీదని తెలియక, చూసి నమ్మి డ్రైవరును పెట్టుకున్న యజమానిని అదే తీర్పు కొంత కాచింది. 7,500 కిలోల లోపు రవాణా బండిని తేలికపాటి వాహనాల (ఎల్ఎంవీ) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం రంభా దేవి కేసులో ఖాయం చేయడంతో ఆటోలు, చిన్న వ్యాన్ల యజమానులకు పెద్ద బెడద తప్పింది. కాని ‘ముందు కట్టి తర్వాత వసూలు’ అన్న మాటలో మొదటి సగమే జనం వింటారు. ట్రిబ్యునల్‌లో ‘కంపెనీ కట్టమంది’ అని విని యజమాని స్వీట్లు పంచిన ఉదంతాలు లాయర్లు చెబుతారు. వసూలుకు కంపెనీ కొత్త దావా కూడా వేయనక్కర్లేదు, అదే కేసులో అమలు పిటిషన్ వేస్తే చాలు. 2019 సవరణ తర్వాత తాగి నడపడం కూడా కంపెనీ చూపగల కారణాల్లో చేరింది. మైనరుకు తాళాలిచ్చిన తండ్రికైతే పరిహారం సంగతి అలా ఉంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా వేరే.

నన్నడిగితే అన్నిటికన్నా మోసపూరితమైన గుంట పాత బండి అమ్మకం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, డబ్బు లెక్కపెట్టుకుని, సీ-బుక్ చేతికిచ్చేస్తాం. కొన్నవాడు పేరు మార్చుకుంటాడులే అనుకుంటాం. వాడు ఇంకొకడికి అమ్ముతాడు, వాడు మరొకడికి. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, రిజిస్టరులో ఎవరి పేరుందో ఆయనే యజమాని, బండి ఎన్ని చేతులు మారినా. ఆ కేసులో కారు అలాగే చేతులు మారింది, బీమా లేదు, ప్రమాదం జరిగింది, పరిహారం భారం రిజిస్టరులో మిగిలిపోయిన మొదటి యజమాని మీదకు వచ్చింది. బాధితుడు నలుగురు కొనుగోలుదారుల వెంట తిరగలేడు కాబట్టి ఈ తీర్పు న్యాయమే. అమ్మిన నెలకు పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి పేరు మారిందో లేదో చూసుకోవడం నిమిషం పని.

మన దగ్గర కూడా అంకె మిగిలిన చోటు ఒకటుంది. అది ఎదుటివాళ్ల ఆస్తి నష్టం. 1988 చట్టం కోరింది 6 వేల రూపాయలే. పాలసీలు కారుకు ఏడున్నర లక్షల దాకా, బైకుకు లక్ష దాకా ఇస్తాయి. ప్రీమియంలో వంద రూపాయలు మిగులుతాయని కారు పాలసీని మళ్లీ 6 వేలకు కుదించుకునే వీలూ ఉంది. ఈ వీలు ఎందుకుందో నాకు ఇప్పటికీ బోధపడదు. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ముందు ఆగి ఉన్న కారు హెడ్‌లైటు ఒక్కటే లక్షలు చేసే రోజులివి.

పాలసీ లేదని తేలాక వసూలు ఎలా సాగుతుంది? ట్రిబ్యునల్ సర్టిఫికెట్ ఇస్తే కలెక్టరు భూమి శిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు. బీమా లేని బండిని, తగిన హామీ ఇవ్వకుండా విడిచిపెట్టకూడదనీ, గడువు తీరాక వేలం వేసి డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలనీ 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జీతం జప్తులో సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడింట రెండు వంతులను కాపాడుతుంది. ప్రావిడెంట్ ఫండును ముట్టుకోరు. రైతు నివాసపు ఇంటికి కూడా రక్షణ ఉంది. అలా రక్షణ తీసేయగా మిగిలే పొలం, ప్లాటు, బ్యాంకు డిపాజిట్ల మీదకే డిక్రీ వస్తుంది. యజమాని చనిపోతే వారసులు వచ్చిన ఆస్తి మేరకు బాధ్యులు.

రెండో వైపు కూడా చూడాలి. దేశంలో తిరిగే బండ్లలో సగానికి పైగా బీమా లేనివేనని 2024లో పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం నివేదిక లెక్క చెప్పింది. అందులో ఎక్కువ బైకులే. అలాంటి బండి కింద పడ్డవాడికి వచ్చే కోటి రూపాయల డిక్రీ, ఎదుటివాడికి ఏమీ లేకపోతే, కోటి రూపాయల కాగితమే. గుద్ది పారిపోయిన కేసుల్లో ప్రభుత్వం ఇచ్చేది మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అమెరికాలో లాగా ఎదుటివాడి లోటును మన పాలసీతో పూడ్చుకునే కవర్ ఇక్కడ మామూలు కారు పాలసీలో ఉండదు. యజమానికిచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది, అది నడిపే యజమానికి వర్తిస్తుంది, పక్కనున్నవాళ్లకు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. అందుకే మన దేశంలో సొంత టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా కూడా మోటారు బీమాలో భాగమే అనుకుని కొనుక్కోవడం తెలివైన పని.

మన దగ్గర అంకెలు మళ్లీ రాబోయి ఆగిపోయాయన్న సంగతి చాలామందికి తెలియదు. 2016లో పార్లమెంటులో పెట్టిన మోటారు వాహనాల సవరణ బిల్లులో బీమా కంపెనీ బాధ్యతకు మరణమైతే 10 లక్షలు, తీవ్ర గాయమైతే 5 లక్షలు అని గీత గీశారు. పరిహారం తగ్గిందని కాదు, ఆ గీత దాటిన సొమ్ము యజమాని నెత్తిన పడేది. పైన వేసిన లెక్కలో 32 ఏళ్ల ఉద్యోగి కుటుంబానికి రావలసిన కోటీ 92 లక్షల్లో కోటీ 82 లక్షలు ఆ బైకు కుర్రాడో, వాడి తండ్రో కట్టాల్సి వచ్చేది. స్థాయీ సంఘం అభ్యంతరం చెప్పాక 2017లో ఆ పరిమితిని తీసేశారు. 2019లో చట్టమైన రూపంలో మాత్రం 147వ సెక్షన్‌లో ఒక వాక్యం మిగిలింది: మరణానికీ తీవ్ర గాయానికీ మూల ప్రీమియం ఎంతో, ఆ ప్రీమియానికి కంపెనీ బాధ్యత ఎంతో, బీమా నియంత్రణ సంస్థను సంప్రదించి కేంద్రం నిర్ణయించాలని. కోర్టులు ఇప్పటికీ పూర్తి పరిహారం కంపెనీల చేతే ఇప్పిస్తున్నాయి. ఆ సెక్షన్ కింద నోటిఫికేషన్ ద్వారా ఒక అంకె వచ్చిన రోజు నుంచి, మన పాలసీ మొదటి పేజీలో కూడా టెక్సస్‌వాడిలా పరిమితి చూసుకుని, ఆ పైన ఎంత కొనుక్కోవాలో లెక్కేసుకోవాల్సి ఉంటుంది.